తలంబ్రాలు గాలిలో ఎందుకు ఆగిపోయాయి? క్లిప్పుల మధ్య ట్రాన్సిషన్ గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు అరండల్‌పేటలో ఒక మిక్సింగ్ సెంటర్‌లో ఆరు నెలలుగా పనిచేస్తున్నావు. ఒక పెళ్లి వీడియోని ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కట్ చేసి, దాదాపు 300 బిట్లు వరుసగా పేర్చి, అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, ప్రతి కట్ మీదా ట్రాన్సిషన్ (ఒక బొమ్మ నుంచి పక్క బొమ్మకి మార్చే ఎఫెక్ట్) పడేలా షిఫ్ట్, డి నొక్కావు. మీడియా సరిపోదు, ఫ్రేములు రిపీట్ అవుతాయి అని హెచ్చరిక వస్తే ఓకే కొట్టేశావు. ఇప్పుడు ప్లే చేస్తే తలంబ్రాల దగ్గర బియ్యం గింజలు గాలిలో అలాగే నిలబడిపోయి, ఆ తర్వాత పక్క బొమ్మ వస్తోంది. కంప్యూటర్ సరిపోవడం లేదేమో, ర్యామ్ పెంచాలా అని అడిగావు. ఓనర్ గారేమో ప్రతి కట్‌కీ ట్రాన్సిషన్ ఉండాల్సిందే అంటున్నారని కూడా రాశావు.

ర్యామ్ కొనకు. నీ కంప్యూటర్‌లో లోపం ఏమీ లేదు. ఆ హెచ్చరిక ఉన్నమాటే చెప్పింది. ట్రాన్సిషన్‌కి కావలసిన బొమ్మ నీ క్లిప్పుల్లో లేదు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఈ పని నేర్చుకునేటప్పటికి ఇంకా క్యాసెట్లే. రెండు ప్లేయర్లు, ఒక రికార్డరు, మధ్యలో పానసోనిక్ ఎంఎక్స్-50 మిక్సరు. ఎడమ ప్లేయర్లో పెళ్లికూతురు, కుడి ప్లేయర్లో మండపం. రెండు క్యాసెట్లూ తిరుగుతుండగా మిక్సర్ మీద లివర్ నెమ్మదిగా జరిపితే ఒక బొమ్మ కరిగిపోతూ రెండోది పైకి వచ్చేది. మన షాపుల బోర్డుల మీద ఇప్పటికీ వీడియో మిక్సింగ్ అని ఉంటుందే, ఆ మాట ఆ పెట్టె నుంచి వచ్చిందే. ఆ లివర్ జరిగినంతసేపూ రెండు క్యాసెట్లూ తిరుగుతూనే ఉండాలి. లివర్ సగంలో ఉండగా ఎడమ క్యాసెట్లో షాట్ అయిపోతే తర్వాతి షాట్ ముక్క అందులో కలిసిపోయేది, మళ్లీ వెనక్కి తిప్పుకుని మొదటి నుంచి చేసేవాళ్లం. అందుకే ఏ షాట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడిదాకా ఉంది అన్నది చూసుకోకుండా లివర్ మీద చెయ్యి వేసేవాళ్లం కాదు.

నువ్వు వేసే క్రాస్ డిజాల్వ్ కూడా అదే పని. ట్రాన్సిషన్ అంటే రెండు క్లిప్పుల మధ్య అతికించే బొమ్మ కాదు, కాసేపు రెండు క్లిప్పులూ ఒకేసారి నడవడం. ఇది మనసులో పెట్టుకుంటే నీ సమస్య సగం తీరినట్టే.

నీ తలంబ్రాల దగ్గరికే వద్దాం. పెళ్లికొడుకు దోసిలి లేచాక కెమెరామన్ రికార్డ్ నొక్కాడు, గింజలు ఇంకా రాలుతుండగానే ఆపేశాడు అనుకుందాం. క్లిప్పు 6 సెకన్ల 10 ఫ్రేములు. టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి మొత్తం 160 ఫ్రేములు. షాట్ బాగుందని 160 ఫ్రేములూ వాడేశావు. దాని పక్కన పెళ్లికూతురు దోసిలి ఎత్తే షాట్ పెట్టావు, అదీ మొదటి ఫ్రేము నుంచే. ఈ రెండిటి మధ్య కట్ మీద ఒక సెకను, అంటే 25 ఫ్రేముల డిజాల్వ్ పడింది. అది కట్‌కి ముందు 12 ఫ్రేములు, తర్వాత 13 ఫ్రేములు పరుచుకుంటుంది. ముందున్న 12 ఫ్రేముల్లో పెళ్లికూతురు అప్పుడే లీలగా కనిపించడం మొదలవ్వాలి. అంటే ఆ క్లిప్పు మొదటి ఫ్రేము కంటే ముందున్న 12 ఫ్రేములు కావాలి. తర్వాతి 13 ఫ్రేముల్లో పెళ్లికొడుకు షాట్ ఇంకా నడుస్తూ కరగాలి. అంటే 161వ ఫ్రేము నుంచి 173వ ఫ్రేము దాకా కావాలి. అవి ఎక్కడున్నాయి? కెమెరామన్ తీయనే లేదు. సాఫ్ట్‌వేర్ చేసేదేముంది, ఉన్న 160వ ఫ్రేమునే పదమూడుసార్లు చూపించింది. ఆ ఫ్రేములో గింజలు గాలిలో ఉన్నాయి. అందుకే అక్కడే నిలబడిపోయాయి.

కట్‌కి అటూ ఇటూ వాడకుండా మిగిలే ఈ ఫ్రేములనే హ్యాండిల్స్ అంటారు. టైలర్ జాకెట్టు లోపల కుట్టుకి వదిలే గుడ్డ లాంటివి ఇవి. పైకి కనబడవు, అవి లేకపోతే రెండు ముక్కలూ కలవవు.

టైమ్‌లైన్‌ని బాగా జూమ్ చేసి చూడు. క్లిప్పు పై మూలలో చిన్న తెల్ల త్రికోణం ఉంటే అక్కడితో ఆ క్లిప్పు అయిపోయిందని, అవతల ఒక్క ఫ్రేము కూడా లేదని గుర్తు. ట్రాన్సిషన్ పెట్టె మీద ఏటవాలు గీతలు కనిపిస్తే అక్కడ ఫ్రేములు రిపీట్ అవుతున్నాయని అర్థం. నీ 300 కట్లలో ఎన్నిటి మీద ఆ గీతలున్నాయో ముందు లెక్కపెట్టు.

ఇప్పుడు బాగుచేయడం. ఏ దారి పట్టాలో క్లిప్పును బట్టి ఉంటుంది. ఒక క్లిప్పుకే హ్యాండిల్ ఉండి రెండోదానికి లేకపోతే ట్రాన్సిషన్ని కట్ మధ్యలో కాకుండా ఒక పక్కకి జరుపు. మొదటి క్లిప్పుకి చివర మిగులు ఉందనుకో, ట్రాన్సిషన్ కట్ దగ్గర మొదలయ్యేలా పెట్టు. అప్పుడు మొదటి క్లిప్పు తోకలో 25 ఫ్రేములు కావాలి, రెండోదానికి ముందు ఏమీ అక్కర్లేదు. మిగులు రెండోదానికే ఉంటే కట్ దగ్గర ముగిసేలా పెట్టు. ఎఫెక్ట్ కంట్రోల్స్ ప్యానెల్‌లో అలైన్‌మెంట్ అని ఉంటుంది, అక్కడ మార్చుకోవచ్చు. క్లిప్పుకి ఒక చివర మిగులు ఉండి మరో చివర లేకపోతే స్లిప్ టూల్ వాడు. వై నొక్కి క్లిప్పుని పక్కకి లాగితే టైమ్‌లైన్ మీద దాని చోటూ నిడివీ మారవు, లోపలి బొమ్మ మాత్రం జరుగుతుంది. మిగులు ఎక్కడా లేని క్లిప్పు, పైగా అందులో మాటలూ మంత్రాలూ లేవు అంటే వేగం 90 శాతానికి తగ్గించు. 160 ఫ్రేముల క్లిప్పు 177 అవుతుంది. పాత 160 ఫ్రేముల నిడివే ఉంచితే 17 ఫ్రేముల హ్యాండిల్ వచ్చినట్టే. తలంబ్రాలకి ఆ కాస్త నిదానం అందంగానే ఉంటుంది. ఆ షాట్ సెకనుకు 50 ఫ్రేముల్లో తీసి ఉంటే ఇంకా హాయి, 25కి మార్చుకుంటే నిడివి రెట్టింపు. ఇవేవీ కుదరకపోతే డిజాల్వ్‌ని 8 ఫ్రేములకి తగ్గించు, లేదా తీసెయ్యి.

ఇంకో దారి ఉంది, క్లిప్పు చివర్లు కత్తిరించడం. దీంట్లో జాగ్రత్త. రిపుల్ చేసి కత్తిరిస్తే ఆ తర్వాత ఉన్నదంతా ముందుకి జరుగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ జరగడం మనకి తెలియకుండానే అవుతుంది. ఫైనల్ కట్‌లో మీడియా చాలకపోతే క్లిప్పుల్ని ఒకదానిమీదకి ఒకటి జరిపి మొత్తం నిడివి తగ్గించమంటావా అని అడుగుతుంది. మనవాళ్లు ఎక్కువగా వాడే ఈడియస్‌లో, ట్రాన్సిషన్ వేసినప్పుడు క్లిప్పుని పొడిగించే సెట్టింగు ఆపేసి రిపుల్ మోడ్‌లో ఉంటే క్లిప్పులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి టైమ్‌లైన్ కురచ అవుతుంది. ఒక్కో ట్రాన్సిషన్‌కి 25 ఫ్రేములు పోతే 40 ట్రాన్సిషన్లకి 1000 ఫ్రేములు, అంటే 40 సెకన్లు.

ఇది నాకు అనుభవమే. కంప్యూటర్ మీదకి మారిన కొత్తలో ఒక పెళ్లి చేశాను. మేళం విడిగా రికార్డ్ చేసిన ఆడియో కింద ట్రాక్‌లో ఒకటే పొడవు క్లిప్పు. దాన్ని లాక్ చేసి, పైన బొమ్మకి ఒక్కొక్కటిగా డిజాల్వ్‌లు వేస్తూ పోయాను. మంగళధారణకి ముందు 16 వేశాను, 16 సెకన్లు బొమ్మ ముందుకి జరిగింది. క్యాసెట్టు ఇచ్చాక మర్నాడు పెళ్లికూతురి తండ్రి వచ్చి, "బాబూ, తాళి కట్టేశాక కాసేపటికి గట్టిమేళం మోగుతోంది" అన్నారు. ఆయన కోప్పడలేదు, గొంతు మాత్రం చిన్నబోయింది. ఆ పదహారు సెకన్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ ముట్టుకున్నా మొదట ఒక ట్రాన్సిషన్ వేసి, టైమ్‌లైన్ చివర టైమ్‌కోడ్, అంటే అక్కడ చూపించే సమయం అంకె, మారిందా లేదా చూస్తాను. నువ్వూ చూడు. మారితే ఆగిపో.

సరే, సాంకేతికం అయింది. అసలు 300 కట్లకీ ట్రాన్సిషన్ ఎందుకన్నది చూద్దాం. ఓనర్ గారి మాట కొట్టిపారేయను. కస్టమర్ డబ్బు ఇస్తున్నాడు, ఏదో పని చేసినట్టు కనబడాలని ఆయనకి ఉంటుంది. కానీ ఒక లెక్క చూపించు ఆయనకి. హైలైట్స్ పాటలో ఒక బిట్టు 30 ఫ్రేములు ఉందనుకో. దానికి ముందూ వెనకా 25 ఫ్రేముల డిజాల్వ్‌లు వేస్తే, ముందుది లోపలికి 13 ఫ్రేములు, వెనకది 12 ఫ్రేములు తింటాయి. మిగిలేది 5 ఫ్రేములు. అంటే ఆ బొమ్మ ఏ కలగాపులగం లేకుండా కనిపించేది సెకనులో ఐదో వంతు. మనం వేలు పోసి కెమెరాతో తీసిన ముఖం కంటికి ఆనకుండానే పోతుంది. ఈ ఒక్క బిట్టు ఆయనకి రెండు రకాలుగా వేసి చూపించు, ఆయనే అర్థం చేసుకుంటారు.

నా పద్ధతి చెబుతాను. ఒకే క్రతువు నడుస్తున్నంతసేపు నేరుగా కట్. కాలం మారినా, చోటు మారినా డిజాల్వ్. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పసుపు నీళ్లు పోస్తున్న షాట్ నుంచి మండపం గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణానికి డిజాల్వ్ వేస్తే చూసేవాళ్లకి ఒక పూట గడిచిందని తెలుస్తుంది. అదే డిజాల్వ్‌ని పెళ్లికూతురి చేతి మీద ఒక షాట్‌కీ, ముఖం మీద ఇంకో షాట్‌కీ మధ్య వేస్తే మధ్యలో ఏదో జరిగి మనం చూడలేకపోయినట్టు అనిపిస్తుంది. అప్పగింతల చివర ఒక్కసారి నల్లటికి ఫేడ్ చేస్తాను. మొత్తం వీడియోలో ఆ ఫేడ్ అదొక్కటే. అందుకే అది పనిచేస్తుంది.

మన పెళ్లిలోనే ఒక గొప్ప ట్రాన్సిషన్ ఉంది, ఏ ప్యాకులోనూ దొరకదు. అడ్డుతెర. జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టుకునే గుడ్డ. పెళ్లికొడుకు వైపు నుంచి తీసిన షాట్‌లో ఆ తెర దించేటప్పుడు ఒక క్షణం ఫ్రేమంతా గుడ్డే నిండుతుంది. పెళ్లికూతురు వైపు కెమెరాలోనూ అలాగే నిండుతుంది. మొదటి షాట్ గుడ్డ నిండిన ఫ్రేములో కట్ చెయ్యి, రెండోది గుడ్డ నిండిన ఫ్రేములోనే మొదలుపెట్టు. గుడ్డ కిందికి జారుతుంటే అవతల ముఖం బయటపడుతుంది. కట్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, పైగా వాళ్లిద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నది చూసేవాళ్లూ చూసినట్టు ఉంటుంది. మేం ఇప్పుడు కెమెరామన్లకి తెర దించే సమయంలో ఎవరూ జూమ్ చేయొద్దని ముందే చెప్పేస్తాం. ప్రకాశం బ్యారేజీ మీద ప్రీవెడ్డింగ్ తీసేటప్పుడు కూడా ఇదే పని. కదిలే బండిలోంచి తీస్తే బ్యారేజీ స్తంభాలు ఒక్కొక్కటే లెన్స్ ముందు నుంచి దాటుతాయి. స్తంభం ఫ్రేమ్ మొత్తాన్ని కప్పిన చోట కట్ చేసి, ఇంకో స్తంభం కప్పిన చోటి నుంచి తర్వాతి షాట్ ఎత్తుకో. ఒకే దిక్కులో కదలాలి, అది తప్పనిసరి. ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ కదిలితే కళ్లు తిరుగుతాయి.

పేజీ తిప్పే ట్రాన్సిషన్లు, గుండె బొమ్మలో తెరుచుకునేవి వాడొద్దని అనను. ఆల్బమ్ ఫొటోల వరుసకి పేజీ తిప్పడం చక్కగా నప్పుతుంది. ఫొటోకి హ్యాండిల్స్ బాధ కూడా లేదు, ఎంత కావాలంటే అంత సాగుతుంది. హైలైట్స్ పాట కూడా ఓనర్ గారికి వదిలెయ్యి. ఫుల్ వీడియోలో మాత్రం వద్దు. తెల్లటి ఫ్లాష్‌లు వేస్తే సెకనుకి మూడింటికి మించనివ్వకు. అంతకంటే వేగంగా మెరిసే వెలుతురు కొంతమందికి ఫిట్స్ తెప్పించగలదు. కల్యాణమండపంలో పెద్ద తెర మీద అందరూ చూసేదాంట్లో అయితే మరీ జాగ్రత్త.

రాత్రి ముహూర్తాల్లో దీపాలు, సీరియల్ లైట్లు ఉన్న షాట్‌లకి మామూలు క్రాస్ డిజాల్వ్ మధ్యలో కాస్త మసకబారినట్టు అనిపిస్తే ఫిల్మ్ డిజాల్వ్ వేసి చూడు. అది వెలుతురుని లీనియర్‌గా, అంటే నిజం వెలుగులు కలిసినట్టే కలుపుతుంది, దీపం వెలుగు చివరిదాకా నిలుస్తుంది. ఇంకోటి, చాలామంది ఇప్పుడు వీడియో చూసేది వాట్సాప్‌లో. అక్కడ ఫైలు బాగా నలిగిపోతుంది. కంప్రెషన్ అనేది పాత ఫ్రేములోంచి ఏది ఎటు కదిలిందో చూసుకుని కొత్త ఫ్రేము తయారు చేసుకుంటుంది. డిజాల్వ్‌లో ఏదీ కదలదు, ప్రతి చుక్కా రంగు మారుతుంది. ఆ పద్ధతికి అది అంతగా అందదు, అందుకే గళ్లు గళ్లుగా విడిపోతుంది. గింజలూ పూలరేకులూ రాలే షాట్ మీద పొడుగు డిజాల్వ్ వేస్తే మరీ ఘోరం. స్టేటస్‌కి ఇచ్చే వెర్షన్‌లో నేను తలంబ్రాల మీద కట్ తప్ప ఏదీ పెట్టను.

రెండు కెమెరాలు ఆగకుండా నడిచిన మల్టీక్యామ్ క్లిప్పుల్లో హ్యాండిల్స్ కొరత రాదు, కట్‌కి అవతల కూడా కెమెరా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి. అయినా ఒకే క్షణాన్ని రెండు కోణాల నుంచి డిజాల్వ్ చేయకు, ఇద్దరు పెళ్లికూతుళ్లు కనిపిస్తారు. పెద్దవాళ్లు కెమెరా వైపు చూసి ఆశీర్వదిస్తూ మధ్యలో తడబడితే, ఆ ముక్క తీసేసిన చోట రెండు పక్కల ముఖాన్నీ కలిపేసి కట్ కనబడకుండా చేసే ట్రాన్సిషన్, ప్రీమియర్లో మార్ఫ్ కట్, రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్మూత్ కట్, ప్రయత్నించొచ్చు. వెనక ఎవరూ కదలకూడదు, కెమెరా స్టాండ్ మీద ఉండాలి. లేకపోతే ముఖం సాగిపోతుంది.

ఆడియో గురించి నువ్వు అడగలేదు కానీ, షిఫ్ట్, డి నొక్కినప్పుడు శబ్దానికి కూడా ట్రాన్సిషన్ పడింది. సన్నాయి మీద బొమ్మకంటే అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రెండు వేరు వేరు శబ్దాలు, ఉదాహరణకి మంత్రం నుంచి సన్నాయికి వెళ్లేటప్పుడు, కాన్‌స్టంట్ పవర్ అనే ఆడియో ట్రాన్సిషన్ సరైనది. మధ్యలో వాల్యూమ్ పడిపోకుండా చూస్తుంది. ఒకే మేళాన్ని కత్తిరించి మళ్లీ అదే రికార్డింగ్‌ని కలుపుతుంటే కాన్‌స్టంట్ గెయిన్ వెయ్యి, లేకపోతే కలిసే చోట శబ్దం కాస్త ఉబ్బినట్టు వినిపిస్తుంది. మామూలు కట్ దగ్గర టప్ అని చప్పుడొస్తే రెండు ఫ్రేముల ఫేడ్ చాలు. ఇక నేను ఎక్కువగా నమ్ముకునేది ఆడియోని బొమ్మ కంటే ముందు తేవడం. మండపం ఇంకా కనబడక ముందే డోలు చప్పుడు అర సెకను ముందు వినిపించనివ్వు, ఆ తర్వాత నేరుగా కట్ చెయ్యి. డిజాల్వ్ చేయాల్సిన పని చాలాసార్లు డోలే చేసేస్తుంది.

మీ కెమెరామన్‌తో కూడా మాట్లాడు. పని మొదలవ్వడానికి ముందు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని, అయిపోయాక మళ్లీ మూడు అంకెలు లెక్కపెట్టాకే రికార్డింగ్ ఆపమను. మూడు సెకన్లంటే ఒక్కో వైపు 75 ఫ్రేములు. నువ్వు ఎలాంటి ట్రాన్సిషన్ వేసినా సరిపోతుంది. కార్డులో చోటు గురించి కంగారు పడతాడు, ఫర్వాలేదు, ఖాళీ కార్డు ఒకటి అదనంగా పెట్టుకోమను.

నీ ప్రాజెక్టు మాటకొస్తే, షిఫ్ట్, డి కొట్టక ముందు సేవ్ అయిన కాపీ ఆటో సేవ్ ఫోల్డర్లో ఉంటుంది, దాన్ని తెరువు. ఆ తర్వాత చేసిన పని కొద్దిగానే అయితే మళ్లీ చేసుకోవడమే తేలిక. అందులో చోటు మారే చోట్లు ఒక కాగితం మీద రాసుకో. మంగళస్నానం నుంచి మండపానికి, మండపం నుంచి భోజనాలకి, భోజనాల నుంచి అప్పగింతలకి, అలా. పది పన్నెండు వస్తాయి. వాటికి మాత్రం ఒక్కొక్కటిగా కంట్రోల్, డితో వేసుకుంటూ, వేసిన ప్రతిసారీ ఏటవాలు గీతలు వచ్చాయేమో చూసుకో. తలంబ్రాల దగ్గర అప్పటికీ ఆగుతుంటే ఆ రెండు క్లిప్పుల అసలు నిడివి ఎంత, టైమ్‌లైన్ మీద ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము దాకా వాడావు, ఇక్కడే రాసి పెట్టు. రాత్రి పని అయ్యాక చూసి చెబుతాను.